చల్లారిన ఇంజిన్ కూత

"అది కూసింది ఆంటీ. నేను విన్నాను. ఎవరో ఫోన్‌లో ప్లే చేసిన సౌండ్ కాదు, ట్రక్ హార్న్ కాదు. ఆ ఇంజినే కూసింది."

మ్యూజియం టికెట్ కౌంటర్ వెనక కూర్చున్న తన్వి చేతులు జాకెట్ జేబుల్లోంచి బయటికి తియ్యకుండానే మాట్లాడుతోంది. ఇల్లినాయ్‌లో పుట్టి పెరిగిన పిల్ల. కాలేజీలో చదువుతూ వీకెండ్స్‌లో ఇక్కడ టికెట్లు అమ్ముతుంది. ఈ రోజు మంగళవారం, మ్యూజియానికి సెలవు. జ్ఞానప్రసూన రమ్మంటేనే వచ్చింది.

ప్రసూనకి యాభై దాటాయి. చాలా ఏళ్ళు ఫ్యాక్టరీ ప్రమాదాల మీద దర్యాప్తులు చేసి, ఆ తర్వాత సొంతంగా డిటెక్టివ్ లైసెన్స్ తీసుకుంది. నిన్న సాయంత్రం షామ్‌బర్గ్ నుంచి నళిని అనే ఆమె వెతుక్కుంటూ వచ్చింది. నళిని భర్త దామోదర్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరు. పాత స్టీమ్ ఇంజిన్లంటే ప్రాణం. ప్రతి శనివారం ఈ మ్యూజియానికి వాలంటీర్‌గా వచ్చి, నూనె మరకలతో ఇంటికి వెళ్ళేవాడు. మొన్న శనివారం మాత్రం ఇంటికి వెళ్ళలేదు. 2846 నంబర్ ఇంజిన్ పక్కన, బాయిలర్ ఎత్తులో ఉండే నడవా పలక మీద శవమై కనిపించాడు. ఒంటి మీద ఒక్క గాయం లేదు. గుండె ఆగిందేమోనని డాక్టర్లు అనుమానించారు.

"ఆయన గుండెకి ఏమీ లేదు ప్రసూన గారూ, పోయిన నెలే అన్ని టెస్టులూ చేయించుకున్నారు," అంది నళిని. "ఆయన పోయే ముందు ఆ ఇంజిన్ కూసిందని అందరూ అంటున్నారు. మా పాప నన్ను అడుగుతోంది, నాన్నని ఇంజిన్ చంపేసిందా అని. దానికి నేనేం చెప్పను?"

2846లో నిప్పు రాజేసి అరవై ఏళ్ళు దాటింది. డీజిల్ ఇంజిన్లు వచ్చాక స్టీమ్ ఇంజిన్లని వందల కొద్దీ కోసి పాత ఇనుము కింద అమ్మేశారు. ఇది మాత్రం ఎలాగో తప్పించుకుని, ఓ మూతపడ్డ ఫ్యాక్టరీ వెనక ఏళ్ళ తరబడి ఎండకీ మంచుకీ నిలబడి, చివరికి ఈ షెడ్డుకి చేరింది. దాంట్లో నీళ్ళు లేవు, బొగ్గు లేదు, ఆవిరి లేదు.

"ఎలా కూసింది? గుర్తు చేసుకుని చెప్పమ్మా," అంది ప్రసూన.

తన్వి కళ్ళు మూసుకుంది. "బయటంతా ఫాగ్. పార్కింగ్ కూడా కనపడట్లేదు. లంచ్ టైమ్, విజిటర్స్ ఎవరూ లేరు. సడెన్‌గా గట్టిగా స్టార్ట్ అయింది. తర్వాత మెల్లగా, మెల్లగా తగ్గిపోయింది. ఎవరికో ఊపిరి అయిపోతున్నట్టు. లాస్ట్‌లో ఒక చిన్న మూలుగు. అంతే."

"అప్పుడు నువ్వేం చేశావు?"

"షెడ్ దగ్గరికి రన్ చేశాను. సైడ్ డోర్ లాక్ అయి ఉంది, లోపల్నుంచి గడియ. కొట్టాను, పిలిచాను. ఎవరూ పలకలేదు. కానీ..." తన్వి గొంతు తగ్గించింది. "లోపల ఎవరో చెయిన్ లాగుతున్న సౌండ్ వచ్చింది. నాకు చాలా భయమేసింది ఆంటీ. వెనక్కొచ్చేశాను. పోలీసులకి చెప్తే నవ్వుతారని చెప్పలేదు."

"మిస్టర్ లిండ్‌క్విస్ట్ అప్పుడు ఎక్కడున్నారు?"

"రోడ్డు మీద డైనర్‌లో లంచ్‌కి వెళ్ళానన్నారు. కాసేపటికి ఆయనే షెడ్‌లోంచి పరిగెత్తుకుంటూ వచ్చి, దామోదర్ అంకుల్ పడిపోయారు, 911కి కాల్ చెయ్యి అన్నారు."

వాల్టర్ లిండ్‌క్విస్ట్ ఆ షెడ్డుకి పెద్ద. 2846 ఆయన కుటుంబానిదే. మ్యూజియానికి చూపించడానికి ఇచ్చారు తప్ప అమ్మలేదు.

"దామోదర్ ఆ రోజు ఏం పని మీద ఉన్నాడో తెలుసా?"

"తెలుసు. అంకుల్‌కి ఒక థియరీ ఉంది. ఇది అసలు 2846 కాదట, 2843 అట. పూర్వం 2843 పెద్ద యాక్సిడెంట్ చేసింది, చాలామంది చనిపోయారు. తర్వాత దాన్ని నడపడానికి డ్రైవర్లెవరూ ఎక్కలేదట. అందుకని కంపెనీవాళ్ళు చెప్పకుండా దాని నంబరూ, దాని తోటి ఇంజిన్ నంబరూ తారుమారు చేసేశారని అంకుల్ అనేవారు. అసలు నంబర్ బాయిలర్ లోపల ఇనుములో కొట్టి ఉంటుందట. ఆ రోజు పొద్దున నాతో అన్నారు, 'ఈ రోజు మూత తీసి చూస్తాను తన్వీ, తేలిపోతుంది' అని."

ప్రసూన లేచి నిలబడింది.

* * *

షెడ్డులో బయటికంటే ఎక్కువ చలిగా ఉంది. పైన వేలాడే దీపాలు సగమే వెలుగుతున్నాయి. వాటి కింద 2846 నల్లగా, పొడుగ్గా, ఎవరో వస్తారని ఎదురుచూస్తున్నట్టు నిలబడి ఉంది. ఒక్కో చక్రం మనిషంత ఎత్తు. ప్రసూన చక్రం మీద అరచెయ్యి ఆనించింది. చల్లదనం ఎముకలోకి దిగింది.

"దెయ్యాల కేసులు కూడా తీసుకుంటున్నారా మేడమ్?"

ఆ గొంతు ఆమెకి తెలుసు. దివాకర్. ఒకప్పుడు ఒకే ఏజెన్సీలో ఆమె కింద పనిచేశాడు. ఇప్పుడు మ్యూజియానికి బీమా ఇచ్చిన కంపెనీ తరఫున వచ్చాడు. చేతిలో టాబ్లెట్, ముఖంలో పని అయిపోయిన ధీమా.

"మీరు త్వరగా వచ్చారే," అంది ప్రసూన.

"త్వరగా వెళ్ళిపోతాను కూడా. హార్ట్ ఎటాక్. పర్మిషన్ లేకుండా ఒంటరిగా ఇంజిన్ ఎక్కాడు. రూల్ బ్రేక్ చేశాడు. క్లోజ్."

"మరి కూత?"

"ఇక్కడికి మైలు దూరంలో గూడ్స్ లైన్ ఉంది. ఫాగ్‌లో సౌండ్ ఎటునుంచి వస్తుందో తెలీదు."

"డీజిల్ హార్న్ బటన్ నొక్కినంతసేపూ ఒకేలా మోగుతుంది, వదిలితే ఆగిపోతుంది. తన్వి విన్నది గట్టిగా మొదలై, మెల్లగా చచ్చిపోయింది. లోపలున్న ఒత్తిడి ఖాళీ అవుతుంటే వచ్చే కూత అది."

"స్టీమ్ లేని ఇంజిన్‌లో ఒత్తిడి ఎక్కడిది మేడమ్?"

"అది కనుక్కుందామనే వచ్చాను."

ఇంజిన్ అవతలి నుంచి లిండ్‌క్విస్ట్ వచ్చాడు. డెబ్భై ఏళ్ళ మనిషి. నెరిసిన గడ్డం, శుభ్రంగా ఇస్త్రీ చేసిన నీలం ఓవరాల్. చేతిలో గుడ్డ. మాట్లాడుతున్నంతసేపూ ఇంజిన్ కడ్డీని తుడుస్తూనే ఉన్నాడు.

"దామోదర్‌ని మీరు ఎక్కడ చూశారు?" అని ప్రసూన ఇంగ్లీషులో అడిగింది.

"అదిగో, ఆ నడవా పలక మీద. వెల్లకిలా పడి ఉన్నాడు."

"ఈ ఇంజిన్‌కి రంగు ఎప్పుడు వేశారు?"

"వేసవిలో. నేనే వేశాను. అంగుళం వదల్లేదు."

ప్రసూన సంచీలోంచి ఒక ప్లాస్టిక్ కవర్ తీసింది. ఆస్పత్రివాళ్ళు నళినికి అప్పగించిన దామోదర్ బట్టలు అందులో ఉన్నాయి. జీన్స్ ప్యాంటు మోకాళ్ళ దగ్గర, జాకెట్ మోచేతుల దగ్గర తెల్లగా, సున్నం పొడిలా ఏదో అంటుకుని ఉంది.

"బయటంతా కొత్త నల్లరంగు. ఎక్కడ పాకినా తెల్లపొడి అంటదు. ఇది పాత బాయిలర్ లోపలి గోడలకి నీళ్ళు మరిగీ మరిగీ పేరుకునే సున్నపు పెచ్చు. మీకు నాకంటే బాగా తెలుసు." ఆమె జాకెట్‌ని తిప్పి చూపించింది. రెండు చంకల కింద నల్లటి గ్రీజు చారలు, గొలుసు లింకుల ఆకారంలో. "ఇది ఎవరో ఆయన్ని గొలుసు కట్టి పైకి లాగిన గుర్తు."

గుడ్డ ఆగింది. ఒక్క క్షణమే. మళ్ళీ కడ్డీ మీద కదిలింది.

"అతను ఎప్పుడు ఎక్కడ పాకాడో నాకేం తెలుసు? అతను ఎప్పుడూ ఏదో ఒక దాంట్లో దూరుతూనే ఉండేవాడు."

"ఈ బాయిలర్ మూత చివరిసారి ఎప్పుడు తీశారు?"

"పదేళ్ళ పైమాటే. నట్లన్నీ బిగుసుకుపోయాయి. రావు."

దివాకర్ విసుగ్గా టాబ్లెట్ మూసేశాడు. "మేడమ్, ఈ పెద్దాయన్ని ఎందుకు ఏడిపిస్తారు? మీకు క్లయింట్ కావాలి, నాకు ఫైల్ క్లోజ్ కావాలి. అంతే కదా తేడా? ఆ రోజుల్లో కూడా మీరింతే, సింపుల్‌గా ఉన్నదాన్ని సింపుల్‌గా చూడలేరు."

"ఆ రోజుల్లో కూడా మీరింతే దివాకర్. నిచ్చెన ఎక్కకుండానే రిపోర్ట్ రాసేసేవారు."

అతని చెవులు ఎర్రబడ్డాయి. "సరే. ఎక్కుదాం. ఇన్‌స్పెక్షన్ అథారిటీ నాదే. మూత తీయిస్తాను. లోపల తుప్పు తప్ప ఏమీ లేకపోతే మీరు నళిని గారి దగ్గరికెళ్ళి మీ ఆయనది హార్ట్ ఎటాకే అని చెప్తారా?"

"చెప్తాను."

లిండ్‌క్విస్ట్ ముఖంలో రంగు పోయింది. "దాన్ని తెరవడానికి వీల్లేదు," అన్నాడు. "ఇనుము పాడవుతుంది."

ఇద్దరూ అప్పటికే నిచ్చెన ఎక్కుతున్నారు.

బాయిలర్ పైన గుండ్రటి గోపురంలాంటి ఎత్తు, దాని మీద బరువైన ఇనుప మూత. మూత చుట్టూ బోల్టులు. ప్రసూన టార్చ్ వేసింది. బిగుసుకుపోయాయన్న నట్లు చాలావరకు అక్కడ లేనే లేవు. నాలుగు బోల్టులకి మాత్రమే నట్లున్నాయి. వాటి మీద కొత్త గ్రీజు, రెంచి జారిన తళతళలాడే గీతలు. ఎవరో తొందరలో బిగించారు. మూతకి సరిగ్గా పైన, షెడ్డు దూలానికి, గొలుసు కప్పీ వేలాడుతోంది.

దివాకర్ టాబ్లెట్ పక్కన పెట్టాడు. రెంచి అందుకున్నాడు.

మొదటి నట్టు వదులయ్యేసరికి మూత అంచునుంచి సన్నగా బుస్సుమని శబ్దం వచ్చింది. షెడ్డంతా ఆ శబ్దమే వినిపించింది. కళ్ళు మూసుకుని నిద్రపోతున్నది ఏదో పళ్ళ సందుల్లోంచి గాలి వదిలినట్టు. ఇద్దరూ చేతులు వెనక్కి తీసుకున్నారు.

"గాలి," అన్నాడు దివాకర్, తనకి తనే ధైర్యం చెప్పుకుంటున్నట్టు. "వర్క్‌షాపులో కంప్రెసర్ ఉంటుంది కదా. ఆ గాలే."

"కావచ్చు. ఆగండి. మీటర్ లేకుండా తల పెట్టకండి."

"ఫైవ్ సెకన్స్ మేడమ్."

బుసబుస ఆగిపోయింది. గొలుసు లాగితే మూత పైకి లేచింది. కింద గుండ్రటి చీకటి. దివాకర్ బోర్లా పడుకుని, టార్చ్ పట్టుకుని, తలా భుజాలూ లోపలికి పెట్టాడు.

"ఏమీ లేదు. తెల్లగా పెచ్చులు. ఇక్కడేదో నంబర్... రెండు, ఎనిమిది, నాలుగు..."

ఆ తర్వాత మాట రాలేదు.

టార్చ్ లోపల ఎక్కడో ఇనుము మీద పడిన చప్పుడు. దివాకర్ కాళ్ళు ఒక్కసారి బిగుసుకుని వదులయ్యాయి. అతని శరీరం మెల్లగా, ఏ తొందరా లేకుండా, తలకిందులుగా లోపలికి జారిపోసాగింది.

ప్రసూన అతని బెల్టు రెండు చేతులా పట్టుకుంది. మోకాళ్ళు ఆ రంధ్రం అంచుకి తన్నిపెట్టి వెనక్కి వాలింది. అతని బరువు ఆమెని కూడా చీకట్లోకి లాగుతోంది. ఊపిరి బిగబట్టింది. బాయిలర్ నోట్లోంచి వచ్చేదేదీ పీల్చకూడదని ఆమెకి అప్పటికే అర్థమైంది.

"లిండ్‌క్విస్ట్!" అని అరవాలని ఉంది. అరిస్తే ఊపిరి పీల్చాలి. ఓరగా కిందికి చూసింది. అతను అక్కడే నిలబడి ఉన్నాడు. చేతిలో గుడ్డ. కదల్లేదు.

"మూత వేసెయ్యండి," అన్నాడు నెమ్మదిగా. "దయచేసి."

ఇంకొక్క గుంజు. దివాకర్ భుజాలు బయటికి వచ్చాయి. ఆమె అతన్ని నడవా పలక మీదికి దొర్లించి, తల పక్కకి తిప్పి, వీపు మీద చరిచింది. పెదాలు నీలంగా ఉన్నాయి. కొన్ని క్షణాలు ఏమీ జరగలేదు. తర్వాత ఒక్కసారిగా, నీళ్ళలోంచి తేలినవాడిలా అతను గాలి పీల్చాడు.

"ఏమైంది?" అన్నాడు కళ్ళు తెరిచి. "నేను... పడుకున్నానా?"

ప్రసూన లేచింది. కిందికి దిగి పనిముట్ల గదిలోంచి ఒక కొవ్వొత్తి, తీగ ముక్క, ఇంకో టార్చ్ తెచ్చింది. గోడ మీద ఆక్సిజన్ మీటర్ తగిలించే కొక్కెం ఖాళీగా ఉంది. మళ్ళీ పైకెక్కి, కొవ్వొత్తి వెలిగించి, తీగకి కట్టి బాయిలర్ లోపలికి దింపింది. అంచు దాటీ దాటగానే మంట ఎవరో వేళ్ళతో నలిపినట్టు ఆరిపోయింది. మళ్ళీ వెలిగించింది. మళ్ళీ ఆరిపోయింది.

"నైట్రోజన్," అంది. "రంగు లేదు, వాసన లేదు. ఉక్కిరిబిక్కిరి కూడా అవదు. ఊపిరి ఆడుతున్నట్టే ఉంటుంది కానీ అందులో ప్రాణవాయువు ఉండదు. రెండు మూడు గుక్కలు చాలు, మనిషి నిద్రలోకి జారినట్టు పోతాడు. ఒంటి మీద గుర్తు ఉండదు. దామోదర్ జాగ్రత్త మనిషి. లోపల ఒత్తిడి ఉందని గేజ్‌లో చూశాడు. దాన్ని ఖాళీ చెయ్యడానికి కూత తీగ లాగాడు. తన్వి విన్నది అదే. ఒత్తిడి అంతా పోయింది, ఇక భయం లేదనుకుని మూత తీసి లోపలికి దిగాడు."

దివాకర్ లేచి కూర్చున్నాడు. "శనివారం మూత తీస్తే ఆ గ్యాస్ బయటికి పోయుండాలి. మళ్ళీ ఎలా నిండింది?"

"ఎవరో మళ్ళీ నింపారు."

ప్రసూన కిందికి వంగి చూసింది. ఇంజిన్ పొట్ట కిందనుంచి ఒక సన్నటి రాగి గొట్టం నేల మీదుగా పాకి, గోడ పక్కన తాళం వేసిన ఇనుప బీరువాలోకి పోతోంది.

"ఇనుము తుప్పు పట్టకుండా నైట్రోజన్ నింపడం తప్పేమీ కాదు మిస్టర్ లిండ్‌క్విస్ట్. మరి బోర్డు ఎందుకు పెట్టలేదు? ఎందుకు దాచారు?"

ప్రసూన వెల్డింగ్ పొగ తోడే ఫ్యాన్ గొట్టాన్ని పైకి లాగి, బాయిలర్ నోట్లో పెట్టి, స్విచ్ వేసింది. బయటి గాలి హోరున లోపలికి పోసాగింది.

అంతవరకూ మెత్తగా ఉన్న ముసలివాడు ఒక్కసారిగా నిచ్చెన మీదికి దూకాడు. "ఆపండి! గాలి పెట్టకండి! గాలి తగిలితే పాడైపోతాడు!"

ప్రసూన ఫ్యాన్ ఆపలేదు.

"ఎవరు పాడైపోతారు?" అంది ప్రసూన.

లిండ్‌క్విస్ట్ నిచ్చెన మధ్యలోనే ఆగిపోయాడు. తన నోట్లోంచి వచ్చిన మాట తనకే వినపడినట్టు ముఖం పెట్టాడు.

ప్రసూన చాలాసేపు గాలి వెళ్ళనిచ్చింది. కొవ్వొత్తి ఈసారి ఆరిపోకుండా వెలిగింది. అప్పుడు మాత్రమే టార్చ్ పట్టుకుని తల వంచింది. దివాకర్ గట్టిగా ఆమె జాకెట్ పట్టుకున్నాడు.

మూత చట్రం లోపలి అంచున, పెచ్చుల మధ్య ఇనుములోకి కొట్టిన అంకెలు కనిపించాయి. 2843. దామోదర్ ఊహించిందే నిజం. ఆమె టార్చ్‌ని ముందువైపు తిప్పింది. పొగ గొట్టాల వరసల మీద, బాయిలర్ గోడకి ఆనుకుని ఒక మనిషి కూర్చుని ఉన్నాడు. నెత్తిన రైల్వే టోపీ. చర్మం ఎండిన తోలులా ఎముకలకి అంటుకుపోయింది. మోకాళ్ళ మీద చక్కగా మడిచి కప్పిన ఉన్ని దుప్పటి.

ఎవరో అతనికి చలేస్తుందని దుప్పటి కప్పారు.

ఆమె మెల్లగా తల బయటికి తీసింది.

"రాల్ఫ్," అన్నాడు లిండ్‌క్విస్ట్ నిచ్చెన కింద మెట్టు మీద కూర్చుంటూ. "మా అన్న. ఇంజిన్‌ని కోయించి అమ్మేద్దామన్నాడు. నాకు పదహారేళ్ళప్పటి నుంచీ దీన్ని తుడుస్తున్నాను. ఒక్కసారి తోశాను, అంతే. ఆ పైనుంచి కింద పట్టాల మీద పడ్డాడు. అరిజోనా వెళ్ళిపోయాడని చెప్పాను. ఎవరూ మళ్ళీ అడగలేదు."

"దామోదర్?"

లిండ్‌క్విస్ట్ గుడ్డతో తన వేళ్ళు తుడుచుకున్నాడు.

"మూత తీసి నన్ను అడిగాడు, లోపల ఉన్నది ఏం గాలి అని. వర్క్‌షాపు కంప్రెసర్ గాలే అన్నాను." చేతిలో గుడ్డని మడిచి ఒళ్ళో పెట్టుకున్నాడు. "అంతే అన్నాను."

* * *

పోలీసులు, ఫైర్ సిబ్బంది వచ్చేసరికి పొగమంచు మళ్ళీ దిగుతోంది. ముసుగులూ సిలిండర్లూ తగిలించుకున్న ఇద్దరు ఫైర్‌మెన్ బాయిలర్‌లోకి దిగారు. లిండ్‌క్విస్ట్ చేతులకి బేడీలు వేసి తలుపు దగ్గర నిలబెట్టారు.

ప్రసూన ఓ పక్కకి వెళ్ళి నళినికి ఫోన్ చేసింది.

"మీ ఆయన అజాగ్రత్త వల్ల పోలేదమ్మా. చెయ్యాల్సిన జాగ్రత్తలన్నీ తీసుకున్నారు. అడగాల్సిన ప్రశ్న కూడా అడిగారు. ఆయనకి అబద్ధం చెప్పారు. మీ పాపకి చెప్పండి, నాన్నని ఇంజిన్ ఏమీ చెయ్యలేదు, ఒక మనిషి చేశాడు అని. ఇంకో మాట... ఆ ఇంజిన్ గురించి ఆయన అన్నది నిజమేనని కూడా చెప్పండి."

అవతల నళిని ఏడుస్తోంది. ప్రసూన ఫోన్ పెట్టేయకుండా, ఆ ఏడుపు నెమ్మదించేవరకూ వింటూ నిలబడింది.

భుజాల చుట్టూ దుప్పటి కప్పుకుని దివాకర్ దగ్గరికొచ్చాడు. "మేడమ్, ఇందాక నేను అన్నది..."

"తర్వాత మాట్లాడుకుందాం. ముందు అంబులెన్స్‌లో కూర్చోండి. ఆ ఆక్సిజన్ మాస్క్ ఎందుకు తీశారు?"

అతను నవ్వబోయి, ఇంజిన్ వైపు చూసి ఆగిపోయాడు.

గోపురం నోట్లోంచి ఒక ఫైర్‌మన్ నడుము దాకా పైకి వచ్చాడు. ముసుగు పైకి నెట్టాడు. కింద ఉన్న ఆఫీసర్‌తో ఏదో చెప్పబోయి, గొంతు సవరించుకున్నాడు.

"సర్, ఆ టోపీ ఆయన్ని కదిపాం. ఆయన వెనక ఇంకొకరున్నారు. ఆడమనిషి. చనిపోయి ఎక్కువ కాలం కాలేదు. కాళ్ళకి కొత్త బూట్లున్నాయి."

అందరూ లిండ్‌క్విస్ట్ వైపు తిరిగారు. అన్నని చంపానని చెప్పినప్పుడు కూడా చెదరని ముఖం అది. ఇప్పుడు దాంట్లో రక్తం లేదు. నోరు తెరిచాడు, మూశాడు. వెనక్కి అడుగు వేసి తలుపుకి తగిలాడు.

"లేదు," అన్నాడు. అతని గొంతులో మొదటిసారి భయం వినపడింది. "లేదు. నేను పెట్టింది రాల్ఫ్ ఒక్కణ్ణే."